పాప స్టేట్‌మెంట్ తీసుకుంటారంట, ముందే ఏం చెప్పి పెట్టాలి?

మాది తిరుపతి. మా అక్క కూతురికి ఏడేళ్లు, ట్యూషన్ చెప్పేవాడి మీద అనుమానంతో కేసు పెట్టినాం. ఎల్లుండి మహిళా ఎస్సై వస్తారంట. పాపేమో గౌను అంచు నములుతా ఎవరితోనూ మాట్లాడడంలే, అక్కకి కాళ్లు చేతులు ఆడడంలే. ఏం చెప్పాలో నేర్పించాలా?

జవాబు 1:
నేర్పించొద్దమ్మా, దండం పెడతా. మీ మాటలు పాప నోట్లో వస్తే కోర్టులో అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. "గుర్తుండేది చెప్పు, తెలీకపోతే తెలీదను, నీ తప్పేం లేదు" అనండి, చాలు. మళ్లీ మళ్లీ అడగొద్దు, తనంతట తను ఏమైనా చెప్తే అవే మాటలు తేదీ వేసి రాసుకోండి.

జవాబు 2:
2012 పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన చట్టం) ప్రకారం పాపని స్టేషన్‌కి తిప్పక్కర్లేదు, ఇంట్లోనే రాసుకోవచ్చు, వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, పాప నమ్మే మనిషి పక్కన ఉండొచ్చు. కేసు నడిచేటప్పుడు పాపకి తోడుండే సపోర్ట్ పర్సన్ కావాలని బాలల సంక్షేమ కమిటీని అడగండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

జవాబు 3:
మాది చిత్తూరు, మా బిడ్డకీ ఇదే జరిగింది. నేను ఏడ్చేసరికి అది చెప్పడం ఆపేసింది, అందుకని నేను బయటికొచ్చి మా చెల్లిని కూచోబెట్టినా. అయినాక ఏం చెప్పినావని అడగలే, పెరుగన్నం తినిపించి పక్కలో పండుకోబెట్టుకున్నా.