ఎన్‌జీఎంఏలో ఏ బొమ్మ పెట్టాలో ఎవరు చెప్పాలి?

రంగులరాట్నం:
2019 ఫిబ్రవరిలో ముంబై ఎన్‌జీఎంఏలో (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్) చిత్రకారుడు ప్రభాకర్ బర్వే బొమ్మల ప్రదర్శన ప్రారంభం. స్థానిక చిత్రకారుల సలహా కమిటీని ఎందుకు తీసేశారని నటుడు అమోల్ పాలేకర్ వేదికెక్కి అడుగుతుంటే మధ్యలోనే అడ్డుకున్నారు. ప్రభుత్వ గ్యాలరీలో ఏం పెట్టాలో ఢిల్లీ ఫైలు చెప్పాలా, చిత్రకారులా? నా ఓటు చిత్రకారులకే.

గోడమేకు:
కమిటీలా! ఒక ప్రభుత్వ గ్యాలరీ (పేరెందుకులెండి) వార్షిక ప్రదర్శనకి మూడు కాన్వాసులు పంపాను. పాత దుప్పట్లో చుట్టి, పురికొసతో కట్టి. "ఎంపిక కాలేదు" అని తిరిగొచ్చాయి. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది, విప్పనే లేదు! ఆ కమిటీ నిండా చిత్రకారులే. వాళ్ళకన్నా గుమాస్తా నయం.

నిఘంటువు:
అసలు ఎన్‌జీఎంఏ సమకాలీన గ్యాలరీ మాత్రమే కాదు. పేరులోనే 'మోడరన్' ఉంది. సేకరణలో బొమ్మలు 1850ల కాలం నుంచి మొదలు.

రంగులరాట్నం:
గోడమేకు గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ కమిటీ తప్పు చేస్తే పేరు పెట్టి నిలదీయొచ్చు, ఫైలునెవరు నిలదీస్తారు? ఎన్‌జీఎంఏ 1954లో ఢిల్లీ జైపూర్ హౌస్‌లో మొదలైనప్పుడు దాన్ని నడిపింది హెర్మన్ గెట్జ్, కళాచరిత్ర చదువుకున్న మనిషి.

నిఘంటువు:
1954 మార్చి 29. తేదీ పూర్తిగా రాయండి.

గోడమేకు:
తేదీ ఎవడిక్కావాలయ్యా! ఢిల్లీ అయింది, 1996లో ముంబై, 2009లో బెంగళూరు. హైదరాబాదుకి ఎన్‌జీఎంఏ ఏదీ? పేరు పెట్టి నిలదీయమంటున్నారు, నిలదీశాను. మళ్ళీ దరఖాస్తు ఫారం కూడా పంపలేదు.

చెమ్కీ:
ఇద్దరూ కాస్త తగ్గండి.

రంగులరాట్నం:
మీ బొమ్మ రాలేదని కమిటీలే వద్దంటే ఎలా? గ్యాలరీ ఉన్నది మన ముచ్చట తీర్చడానికి కాదు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 28 ఏళ్ళకే పోయింది. ఆవిడ బొమ్మలు అక్కడ భద్రంగా ఉండబట్టే కదా ఇవాళ చూస్తున్నాం.

గోడమేకు:
అదీ సంగతి! అంటే నేను పోయేదాకా ఆగాలన్నమాట. కమిటీ ఉన్నా, అధికారి ఉన్నా మీకు కావలసింది ఇనప్పెట్టె. అక్కడ 17 వేల పైచిలుకు కృతులున్నాయట, గోడకెక్కినవెన్ని? నేను దాచమని అడగలేదు సార్. దుప్పటి విప్పి ఒక్కసారి చూడమన్నాను.

రంగులరాట్నం:
వచ్చిన ప్రతి దుప్పటీ విప్పుతూ కూర్చుంటే, ఉన్నవాటికి చెద పట్టకుండా చూసేదెవరు?

గోడమేకు:
మూడు కాన్వాసులండీ. మూడు.

నిఘంటువు:
షేర్‌గిల్ వయసు 28 ఏళ్ళ 10 నెలలు.