లాబ్రడార్‌కు బొచ్చు విపరీతంగా రాలుతోంది, వేసవికి గీయించేయవచ్చా?

ప్రశ్న: మేము విజయవాడలో అపార్ట్‌మెంటులో ఉంటాము. మా మూడేళ్ల లాబ్రడార్‌కు కొంతకాలంగా బొచ్చు విపరీతంగా రాలుతోంది. ఉదయం ఊడ్చిన గదిలోనే మధ్యాహ్నానికల్లా సోఫా కింద ఉండలు కడుతోంది. వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తున్నా తగ్గలేదు. ఎండలు ముదరకముందే ఒళ్లంతా గీయించేస్తే రాలడమూ తగ్గుతుంది, దానికి చల్లగానూ ఉంటుందని బంధువులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: దయచేసి గీయించకండి. లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు ఉంటుంది: పైన నీటిని నిలవనివ్వని బిరుసు వెంట్రుకలు, వాటి అడుగున దూదిలాంటి మెత్తని లోబొచ్చు. న్యూఫౌండ్‌లాండ్ తీరపు చన్నీళ్లలో జాలరులకు తోడుగా పనిచేసిన కుక్కల సంతతి కనుక ఆ లోబొచ్చు అంత దట్టంగా ఉంటుంది. మీ సోఫా కింద చేరుతున్నది చాలావరకు అదే. గీయించినంత మాత్రాన రాలే వెంట్రుకలు తగ్గవు, పొట్టివవుతాయి, అంతే. పైగా పొట్టి వెంట్రుకలు సోఫా గుడ్డలో గుచ్చుకుని చీపురుకు రావు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టి ఆరదు, ప్రధానంగా నాలుక చాచి రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది కాబట్టి, గీయించడం వల్ల మీరనుకున్నంత చల్లదనం రాకపోగా, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. కొన్నింటికి గీసిన చోట నెలల తరబడి బొచ్చు తిరిగి రాదు.

చేయవలసినది దువ్వడం, అదీ స్నానానికి ముందు, ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు. లోబొచ్చు తీయడానికి పళ్లు దూరదూరంగా ఉండే దువ్వెనలు దొరుకుతాయి. బొచ్చు వాలిన దిశలోనే, గట్టిగా అదమకుండా, మెడ చుట్టూ, తొడల వెనుక, తోక మొదట్లో ఎక్కువసేపు దువ్వండి. అక్కడే గుప్పెళ్లకొద్దీ వస్తుంది. తర్వాత రబ్బరు బ్రష్‌తో ఒళ్లంతా రుద్దితే మిగిలిన వదులు వెంట్రుకలు వచ్చేస్తాయి. బాగా రాలే రోజుల్లో ఇది రోజూ చేయడం మంచిది. స్నానం నెలకొకసారి, కుక్కల షాంపూతోనే చాలు. మరీ తరచుగా చేయిస్తే చర్మం పొడిబారుతుంది. మీ ఊరి ఉక్కలో లోబొచ్చు తడిగా ఉండిపోతే చర్మం ఒరిసి పుండ్లు పడతాయి కనుక, చర్మం దాకా ఆరిందో లేదో వేళ్లతో పాయ తీసి చూడండి.

మరొకరి సందేహం: మా షీట్జూకు బొచ్చు అసలు రాలదు. దానికి దువ్వెన అవసరమా?

సమాధానం: ఇంకా ఎక్కువ అవసరం. దానికీ వెంట్రుకలు ఊడతాయి, కానీ నేల మీద పడకుండా పొడవాటి బొచ్చులోనే చిక్కుకుంటాయి. చెవుల వెనుక, చంకల్లో ఉండకట్టి చర్మాన్ని లాగుతాయి. దానికి రోజూ దువ్వుతూ, అప్పుడప్పుడు కత్తిరించడం సరైనదే. మన ఊరకుక్కలకు, ముధోల్ వేటకుక్కలకు మాత్రం పొట్టి బొచ్చే కనుక రబ్బరు బ్రష్ సరిపోతుంది.

లాబ్రడార్ అడిగినవారికి: దువ్వేటప్పుడు చర్మం కూడా చూడండి. ఒకచోట బట్టతలలా నున్నబడినా, ఎర్రబడి దురద పెడుతున్నా, దుర్వాసన వస్తున్నా, రెండు పక్కలా సమానంగా పలచబడి కుక్క మందకొడిగా, లావుగా మారుతున్నా అది మామూలు రాలడం కాదు. పిడుదులు, గజ్జి, థైరాయిడ్ లోపం వంటివి కారణం కావచ్చు. అప్పుడు నూనెలు, చిట్కాలు ప్రయత్నించకుండా పశువైద్యుడికి చూపించండి.