శిక్షణ తర్వాత ఆన్‌లైన్ బృందంలో రాయడాన్ని తప్పనిసరి చేయవచ్చా?

అనంతపురం గణిత ఉపాధ్యాయిని:
ఉపాధ్యాయులకు జరగబోయే శిక్షణ విషయమై మా మండలంలో ఒక ప్రతిపాదన నడుస్తోంది. తరగతులు ముగిశాక నెల రోజుల పాటు వాట్సాప్ బృందంలో వారానికి రెండు పోస్టులైనా పెట్టినవారికే ధ్రువపత్రం ఇవ్వాలట. తోటివారి నుంచి నేర్చుకోవాలన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. అయితే పోస్టులు లెక్కపెడితే శుభోదయం చిత్రాలతోనూ ‘చక్కగా చెప్పారు సార్’ అన్న వాక్యాలతోనూ ఆ లెక్క నిండుతుందే తప్ప ఎవరూ ఏమీ నేర్చుకోరని నా అభిప్రాయం. మీరేమంటారు?

కర్నూలు రిసోర్స్ పర్సన్:
మేడమ్, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవాడిగా నేను ఆ నిబంధనకు అనుకూలం. అది లేని బృందాల్లో ఎప్పుడూ ఆ నలుగురే మాట్లాడతారు. ఆన్‌లైన్ సమూహాల్లో నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారనీ, తొమ్మిది మంది అప్పుడప్పుడు, ఒక్కరు మాత్రమే తరచుగా రాస్తారనీ వెబ్‌సైట్ల వాడకాన్ని అధ్యయనం చేసే నిపుణుడు యాకబ్ నీల్సన్ 2006లోనే ఒక స్థూల సూత్రం చెప్పారు. 2017లో వచ్చిన దీక్షా అనే ఆన్‌లైన్ బోధన వేదిక మీద గానీ, 2020లో ఆన్‌లైన్‌కు మారిన నిష్ఠా అనే జాతీయ ఉపాధ్యాయ శిక్షణలో గానీ ఉపాధ్యాయులు చాలావరకు ఎవరికి వారు వీడియోలు చూసి, ప్రశ్నలకు జవాబులిచ్చి ధ్రువపత్రం తీసుకున్నారు. దానికంటే, బలవంతంగానైనా నలుగురితో మాట్లాడించడం మేలు కాదా?

అనంతపురం గణిత ఉపాధ్యాయిని:
సార్, చదివి ఊరుకునేవారు నేర్చుకోవడం లేదని ఎలా అనగలం? మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1961లో చేసిన ప్రయోగంలో, పెద్దలు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తర్వాత తామూ అలాగే కొట్టారు; చూస్తున్నంతసేపూ వారు ఆ బొమ్మను ముట్టుకోలేదు. చూసినది మన పనిలోకి రావాలంటే శ్రద్ధ, జ్ఞాపకం, చేయగల నైపుణ్యం, చేయాలన్న కోరిక నాలుగూ ఉండాలని ఆయనే తర్వాత వివరించారు. కాబట్టి ఎందరు రాశారన్నదాని కంటే, చూడదగినది ఏం పెట్టారన్నది ముఖ్యం.

ఉదాహరణకు, 503 నుంచి 278 తీసివేయమంటే 375 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేయడమే అక్కడ జరిగిన పొరపాటు. సరైన జవాబు 225. పిల్లవాడి పేరు కనబడకుండా ఆ నోటుపుస్తకం పేజీని బృందంలో పెట్టి ‘మీరైతే రేపు ఏం చేస్తారు?’ అని అడిగితే, పదేసి పుల్లల కట్టలు విప్పించేవారు ఒకరు, 500 నోటుకు చిల్లర అడిగించేవారు ఇంకొకరు బయటపడతారు. అటువంటి ప్రశ్న నెలకు ఒక్కటి వచ్చినా చాలు. వారానికి రెండు చొప్పున అడిగితే ఫార్వర్డులే వస్తాయి.

కడప విద్యుత్ ఉద్యోగి:
నేను ఉపాధ్యాయుణ్ణి కాకపోయినా ఈ సమస్య మాకూ ఉంది. ఏఈ, డీఈ వంటి పై ఇంజనీర్లు ఉన్న గ్రూపులో ఏ లైన్‌మన్ అయినా ‘నాకు తెలియదు’ అని రాస్తాడా? తెలియదని చెప్పుకోలేని చోట ఎన్ని పోస్టులు వచ్చినా అవి పైవారికి పంపే నివేదికలే. జిరాక్స్ సంస్థ మరమ్మతు సిబ్బందిని దగ్గరగా గమనించిన మానవశాస్త్రవేత్త జూలియన్ ఓర్, వారు మాన్యువల్ కంటే తోటివారు చెప్పుకునే కథల నుంచే ఎక్కువ నేర్చుకుంటారని తేల్చారు. ఆ తర్వాత అదే సంస్థ సిబ్బంది చిట్కాలను ఒకచోట చేర్చినప్పుడు, వాటిని పరీక్షించింది సాటి సిబ్బందే; చిట్కా పక్కన దాన్ని పంపినవారి పేరు ఉండేది. ఆ పేరే అక్కడ ప్రోత్సాహం.

కర్నూలు రిసోర్స్ పర్సన్:
అధికారులు లేని బృందం కావాలన్న మాట సబబే. పోస్టుల సంఖ్యను కూడా వదులుకుంటాను. కానీ ఏ బాధ్యతా లేకపోతే పదో రోజుకల్లా బృందం మూగబోతుందన్న నా అనుభవాన్ని మీరెవరూ కాదనలేదు. ఇరుగుపొరుగు బడులు కలిసి పనిచేయాలని కొఠారీ కమిషన్ (1964-66) సూచించిన స్కూల్ కాంప్లెక్స్ మనకు ఉండనే ఉంది. ఒక్కొక్కరు తమ తరగతి పిల్లలు చేసిన ఒక తప్పును తెచ్చి ఆ సమావేశంలో చూపాలి, మిగతా చర్చ బృందంలో సాగాలి. ఈ మాత్రమైనా తప్పనిసరి చేయాలి. సమావేశంలో సగం పూట నివేదికలకే పోతోందన్నది వేరే గొడవ.

ఆదోని వైపు ఏకోపాధ్యాయ పాఠశాల నుంచి:
మీరంతా సహోద్యోగులు ఉన్నవారి కోణం నుంచి మాట్లాడుతున్నారు. అయిదు తరగతులకూ నేనొక్కడినే. బడి వేళల్లో సలహా అడగడానికి పక్క గదిలో ఎవరూ లేరు. కాబట్టి నాకు బృందం అవసరమే, కానీ నేను రాయగలిగేది రాత్రి భోజనం అయ్యాకే. రిసోర్స్ పర్సన్ గారు చెప్పిన పద్ధతికి ఒప్పుకుంటాను, ఒక షరతు మీద: తప్పును తెచ్చిన ఉపాధ్యాయుడికి వారంలోగా కనీసం ఒక్క జవాబైనా ఇప్పించే బాధ్యత బృందం నడిపేవారిది కావాలి. నిబంధన పెడితే ముందు వారికి పెట్టండి.