గెట్టు తీయడానికి లంబం: క్రాస్ స్టాఫ్, ఆప్టికల్ స్క్వేర్, టేపులలో ఏది నమ్మదగినది?

ప్రశ్న (దేవరకొండ ప్రాంతం నుండి)

మాకు రెండెకరాల చెల్క ఉంది. అన్నదమ్ములం ఇద్దరం సమానంగా పంచుకోవాలని అనుకున్నాము. రోడ్డు వైపు గెట్టు తిన్నగా 330 అడుగులు ఉంది. దాని మీద నడిమధ్య నుండి లోపలికి సుమారు 250 అడుగుల దూరం లంబం తీసి, అదే కొత్త గెట్టుగా రాళ్లు పాతుకోవాలన్నది మా ఆలోచన. వెనుక భాగం గుట్ట వైపు కొంత ఎత్తుగా ఉంటుంది. తెలిసినవారి దగ్గర లంబం తీసే పరికరాలైన క్రాస్ స్టాఫ్, ఆప్టికల్ స్క్వేర్ రెండూ దొరుకుతాయి. ఈ పనికి వాటిలో ఏది సరైనదో, లేక టేపుతోనే లంబం తీయవచ్చో దయచేసి తెలుపగలరు.

జవాబు 1

మీ నేల వెనుక వైపు ఎత్తుగా ఉన్నదంటున్నారు కనుక క్రాస్ స్టాఫే మేలు. కర్ర మీద బిగించిన దాని తలలో, ఒకదానికొకటి లంబంగా గురి చూసే రెండు జతల చీలికలు నిలువుగా ఉంటాయి. కర్రను నిట్టనిలువుగా పాతితే, ఎదుటి జెండా కర్ర పైన ఉన్నా కింద ఉన్నా అదే చీలికలో కనిపిస్తుంది. ఆప్టికల్ స్క్వేర్‌లో ఒకదానికొకటి 45 డిగ్రీల కోణంలో అమర్చిన రెండు అద్దాలు ఉంటాయి. వాటి మీద రెండుసార్లు ప్రతిఫలించిన కిరణం సరిగ్గా 90 డిగ్రీలు తిరుగుతుంది. దానిని చేతిలో పట్టుకొని ఆధార రేఖ (కొలతలకు ఆధారంగా తీసుకున్న తిన్నని గీత) వెంట నడుస్తూ ఒక మూల నుండి లంబం ఎక్కడ పడుతుందో క్షణంలో కనుక్కోవచ్చు కాబట్టి, చదును నేల మీద అంత హాయైన పరికరం మరొకటి లేదు. అయితే రెండు జెండా కర్రలు వేర్వేరు ఎత్తుల్లో ఉంటే ఆ కోణం వాలు తలంలో కొలిచినదవుతుంది, నేల మీది లంబం తప్పుతుంది.

పరికరం ఏదైనా ముందు పరీక్షించండి. ఒక తిన్నని గీత మధ్యలో క్రాస్ స్టాఫ్ నిలిపి, మొదటి చీలికల జతను గీత వెంట గురిపెట్టి, రెండవ జతలో కనిపించిన చోట 100 అడుగుల దూరాన మేకు కొట్టండి. తరువాత స్టాఫ్‌ను తిప్పి రెండవ జతను గీత వెంట ఉంచి, ఈసారి మొదటి జతలో చూడండి. చూపు ఆ మేకు మీదనే పడితే పరికరం బాగున్నట్టే. లేకుంటే అక్కడ రెండవ మేకు కొట్టండి. రెండు మేకుల మధ్య ఎడంలో సగమే అసలు దోషం, నిజమైన లంబం వాటి నడిమధ్య నుండి పోతుంది.

జవాబు 2

పై మాటలన్నీ నిజమే కానీ, ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. టిప్పన్‌లో (సర్వే కొలతల పటంలో) ఉన్నట్టు మూలల నుండి ఆధార రేఖ మీదికి లంబాలు కొలిచి విస్తీర్ణం కట్టేటప్పుడు, కోణంలో అర డిగ్రీ తేడా వచ్చినా లంబం పొడవు దాదాపు మారదు, అందువల్ల నష్టం స్వల్పం. కొత్త గెట్టు తీయడం అలాంటిది కాదు. అదే అర డిగ్రీ 250 అడుగుల చివర 2 అడుగుల 2 అంగుళాలు పక్కకు జరుపుతుంది. ఆ సన్నని త్రికోణం 272 చదరపు అడుగులు, అంటే పావు గుంట, ఒకరి వాటా నుండి ఇంకొకరి వాటాలోకి పోతుంది. కంటితో గురి చూసే చీలికలతో అర డిగ్రీ తప్పడం అరుదేమీ కాదు.

టేపుతో 6, 8, 10 మీటర్ల త్రికోణం కట్టవచ్చు. సున్నా, 24 మీటర్ల గుర్తులు ఒక మేకు దగ్గర, 6వ గుర్తు మూల దగ్గర, 14వ గుర్తు లోపలి వైపు బిగించి పట్టుకుంటే మూలలో లంబం వస్తుంది. కానీ 8 మీటర్ల భుజాన్ని 76 మీటర్ల దాకా పొడిగిస్తే, 8 మీటర్ల దగ్గర జరిగిన సెంటీమీటరు తప్పు ఆ చివర తొమ్మిదిన్నర సెంటీమీటర్లవుతుంది. ఇంటి పునాదికి ఇది చాలు, పొలం గెట్టుకు చాలదు.

అందుకే నా సలహా ఏమిటంటే, కోణాన్ని నమ్ముకోవద్దు. వెనుక గెట్టు కూడా తిన్నగా ఉంటే, ముందు, వెనుక గెట్ల మీద పాత మూల రాళ్ల నుండి దూరాలు కొలిచి, రెండు వాటాల విస్తీర్ణం సరిపోయేలా చెరొక చోటు నిర్ణయించండి. ఆ రెండు చోట్ల మధ్య జెండా కర్రలు వరుసగా నిలిపి గీత తీయండి. క్రాస్ స్టాఫ్‌ను విస్తీర్ణం కట్టడానికే వాడుకోండి. వాలు మీద టేపును నేలకు ఆనించకుండా సమతలంగా పట్టి, చిన్న చిన్న ముక్కలుగా, ప్రతిసారీ దారానికి కట్టిన గుండు వేలాడదీసి కింద గుర్తు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

వెనుక గెట్టు మధ్యలో ఒకచోట వంకర తిరిగింది. అప్పుడేమి చేయాలి?

జవాబు 2 ఇచ్చినవారు

వంకర ఉన్న చోట మేకు కొట్టి, దానినొక అదనపు మూలగా లెక్కించండి. విస్తీర్ణం కట్టాక రెండు వాటాలకు తేడా వస్తే, వెనుక చోటును మాత్రమే కొద్దిగా జరిపి మళ్లీ లెక్కకట్టండి. రాళ్లు పాతే ముందు సర్వేయరుతో కొలిపించుకొని, ఇద్దరి సమక్షంలో పాతండి.