అప్‌డేట్: నాగావళి ఒడ్డు పాత ఇంటి హాస్టల్‌లో చెల్లిని చేర్పించాం

ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో పీజీ సీటొచ్చిన మా చెల్లిని, శ్రీకాకుళంలో హాస్టల్‌గా మార్చిన పాత మండువా ఇంట్లో ఉంచొచ్చా అని అడిగాను కదా. చేర్పించేశాం.

మీరు చెప్పినట్టు ముందు గోడలే చూశాను. గానుగ సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) గోడలకి కింది భాగమంతా సిమెంటు పూసేశారు. చెమ్మ బయటికి పోయే దారిలేక, పైనున్న సున్నం పొడిపొడిగా రాలుతోంది. సిమెంటు గీకించి మళ్లీ సున్నమే వేయిస్తానని ఓనరు గారన్నారు. ఇంకా మొదలెట్టలేదు, చూడాలి.

అమ్మ టెన్షన్ వరద గురించి. ఒడిశా కొండల్లో గట్టిగా కురిస్తే, ఇక్కడ చినుకు లేకపోయినా నాగావళి పొంగుతుంది. అందుకే పై అంతస్తులో గది తీసుకున్నాం. అద్దె కాస్త ఎక్కువే. వైఫై మాత్రం ఆ మందపాటి గోడలు దాటి రావడంలేదు. చెల్లి వరండాలోనే కూర్చుని చదువుకుంటోంది.