క్లాసులకు ఫైనల్ పెట్టాల్నా, తెరిచే ఉంచాల్నా?

మిర్యాలగూడ_కోడర్:
మా ఊరి రైస్‌మిల్లుకు జావాల చేసిన బిల్లింగ్ ప్రోగ్రాంల నిన్న దొరికిన తప్పు ఇది. 'బిల్లు' అనే పేరెంట్ క్లాసు కన్‌స్ట్రక్టర్‌లనే (ఆబ్జెక్ట్ తయారైతున్నప్పుడు నడిచే కోడ్‌ల) 'లెక్కకట్టు' మెథడ్‌ను పిలుస్తున్నది. దాని కింద 'ధాన్యంబిల్లు' రాసి, తేమకు తరుగు తీసేటట్టు ఆ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసిన, అంటే పిల్ల క్లాసుల తిరగరాసిన. తరుగు 2 శాతం అని ఫీల్డు దగ్గరనే రాసిన. అయినా 98 క్వింటాళ్లు రావాల్సిన కాడ నిండ 100 చూపించింది. జావాల పేరెంట్ కన్‌స్ట్రక్టర్ అయిపోయినంకనే పిల్ల క్లాసు ఫీల్డులకు మనం రాసిన విలువలు పడ్తయి. అప్పటిదాక అది 0. కంపైలర్ కిక్కురుమనలే. రైతు పైసలతోని పని ఇది. అందుకే అంటున్న, వేరేవాళ్లు ఎక్స్‌టెండ్ చేయాలని రాయని ప్రతి క్లాసుకు ఫైనల్ (కింద పిల్ల క్లాసు రాయనియ్యని మాట) పెట్టాలె. మీరేమంటరు?

పాలమూరు_జావా:
అన్నా, తప్పు కన్‌స్ట్రక్టర్‌ది. శిక్ష అన్ని క్లాసులకెందుకు? కాట్లిన్ భాషల ఓపెన్ అని రాస్తేనే క్లాసు తెరుచుకుంటది. దాన్ని స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌తోని వాడెటోళ్లకు ఎరుకే, ప్రాక్సీల (స్ప్రింగ్ తనంతట తయారుచేసే పిల్ల క్లాసుల) కోసం మళ్ల తెరవనీకె కంపైలర్ ప్లగిన్ ఒకటి పెట్టుకుంటరు. నేనొకసారి వేరేవాళ్ల లైబ్రరీల తప్పుంటే ఒక్క మెథడ్ మార్చుకొని గండం గట్టెక్కిన. ఫైనల్ ఉంటే ఏం జేసేటోన్ని?

సూర్యాపేట_టెస్టర్:
ఫైనల్ ఉంటే మాక్ (టెస్టు కోసం నకిలీది తయారు) చేయరాదని మా టీంల అంటుండ్రి. మాక్‌లు చేసే మోకిటో లైబ్రరీల 5వ వెర్షన్ నుంచి వేరే సెట్టింగ్ లేకుండనే చేయొచ్చు.

మిర్యాలగూడ_కోడర్:
తమ్మీ, ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ వస్తే? మాకు గదే అయింది. పేరెంట్‌ల 'లోడుచేర్చు' మెథడ్ ఒక్కో బస్తాకు 'బస్తాచేర్చు'ను పిలుస్తుండె. నేను పిల్ల క్లాసుల 'బస్తాచేర్చు'ను ఓవర్‌రైడ్ చేసి బస్తాలు లెక్కపెట్టిన. తర్వాత ఎవరో వేగం కోసమని ఆ పిలుపు తీసేసి బస్తాలను సీదా లిస్టుల వేసిండ్రు. పేరెంట్ టెస్టులన్ని పాసైనయి. నా లెక్క సున్నా. మార్చినాయన తప్పేం లేదు. ఏది దేన్ని పిలుస్తదో ఎక్కడ రాసిపెట్టలే, నేను లోపలి గుట్టు మీద ఇల్లు కట్టుకున్న.

పాలమూరు_జావా:
గిది ఒప్పుకుంట. కాని పూరాగ మూసుడెందుకు? మా దగ్గర పబ్లిక్ మెథడ్‌కు ఫైనల్ పెడ్తం, అంటే దాన్ని ఓవర్‌రైడ్ చేయరాదు. లోపల మార్చుకోనీకె ఒకటి రెండు ప్రొటెక్టెడ్ (పిల్ల క్లాసులు వాడుకునే) మెథడ్లు ఇడుస్తం, ఎప్పుడు పిలుస్తమో పైన కామెంట్ల రాస్తం. మీ బిల్లుకైతే జావా 17ల సీల్డ్ క్లాసు చూడు, ఏవేవి దాని పిల్ల క్లాసులో పర్మిట్స్ అని పేర్లతోని రాస్తం.

మిర్యాలగూడ_కోడర్:
చూసిన, మాకు సరిపోతది. ధాన్యం, బియ్యం, తౌడు, మూడే బిల్లులు, అన్ని ఒక్క ప్యాకేజీలనే ఉన్నయి. పర్మిట్స్‌ల మూడు పేర్లు రాసి, మూడింటికి ఫైనల్ పెట్టిన. కన్‌స్ట్రక్టర్‌ల పిలుపు తీసేసిన, ఇప్పుడు మొత్తం అడిగినప్పుడే లెక్క కడ్తది. 98 వచ్చింది. పాత బిల్లులన్ని రేపు మళ్ల నడిపి చూస్త.