25 శాతం కోటా పిల్లలను విడిగా కూర్చోబెట్టవచ్చా?

కృష్ణలంక_నాన్న:
విద్యాహక్కు చట్టం (ఆర్‌టీఈ) కింద లాటరీలో మా అమ్మాయికి విజయవాడలోని ఒక ప్రైవేటు పాఠశాలలో సీటు వచ్చింది. ఇప్పుడు రెండో తరగతి. నెల రోజులుగా ఈ కోటాలో చేరిన నలుగురినీ చివరి బెంచీలోనే కూర్చోబెడుతున్నారు. డైరీ అట్ట మీద పేరు పక్కన ఎర్రసిరాతో ‘ఆర్‌టీఈ’ అని రాశారు. అది తన ఇంటిపేరా అని పాప అడిగింది. ఫీజు లేని సీటు కదా, సర్దుకుపొమ్మంటున్నారు బంధువులు. అడిగే హక్కు మాకు ఉందా?

పాత_పంతులు:
ఉందండీ. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఈ చట్టంలోని 12(1)(సి) సెక్షన్, ప్రైవేటు పాఠశాలలు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఇచ్చి ఎనిమిదో తరగతి వరకు ఉచితంగా చదివించాలంటుంది. వారిని తరగతి గదిలో మిగతావారి నుంచి విడదీయరాదని, వేరే చోట, వేరే వేళల్లో పాఠాలు చెప్పరాదని, పుస్తకాలు, యూనిఫాం, ఆటల్లో తేడా చూపరాదని కేంద్రం 2010లోనే చేసిన నిబంధనల్లో ఉంది. ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. డైరీని ఫోటో తీసి ఉంచుకోండి. అక్కడ తేలకపోతే 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. వారు మూడు నెలల్లో తేల్చాలి.

బడి_కరస్పాండెంట్:
నేనూ ఒక చిన్న పాఠశాల నడుపుతున్నాను. ఆ డైరీ పనిని సమర్థించను. అయితే ప్రభుత్వ పాఠశాలల్లో ఒక్కో విద్యార్థిపై అయ్యే ఖర్చు, మేము వసూలు చేసే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ప్రభుత్వం చెల్లిస్తుంది. మన రాష్ట్రం మొదట ఖరారు చేసిన మొత్తం ఏడాదికి పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు. 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో మైనారిటీ విద్యాసంస్థలన్నిటికీ మినహాయింపు దొరికింది, భారమంతా మిగిలినవారిదే.

పాత_పంతులు:
డబ్బు సంగతి ఒప్పుకుంటాను గానీ, బెంచీ మార్చడానికి రూపాయి ఖర్చు కాదు. ఢిల్లీలో 2007 నుంచి పేరున్న ప్రైవేటు పాఠశాలలు పేద పిల్లలను చేర్చుకోవలసి వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించి 2019లో ప్రచురించారు. వారితో కలిసి చదివిన సంపన్న పిల్లల్లో ఉదారత పెరిగింది, పేద పిల్లల పట్ల వివక్ష తగ్గింది. ఇంగ్లీషు మార్కులు మాత్రం కాస్త తగ్గాయి. కొన్ని పాఠశాలల్లో పేర్ల అక్షరక్రమంలో స్టడీ గ్రూపులు వేయడం వల్ల, ఒకే గ్రూపులో పడి దగ్గరగా మెలగడమే ఈ మార్పుకు ముఖ్య కారణమని ఆయన పసిగట్టగలిగారు.

కృష్ణలంక_నాన్న:
అయితే అక్షరక్రమంలోనే కూర్చోబెట్టమని దరఖాస్తులో రాస్తాను. మా పాప పేరు ‘హ’తో మొదలవుతుంది కాబట్టి మళ్లీ చివరి బెంచీయే రావచ్చు; ఈసారి పక్కన వేరే పిల్లలుంటారు.